మెల్బా లిస్టన్: ఊదువాద్యమును చేపట్టిన వనిత

గడచిన మాఘమాసమున మా బాన్సువాడ బజారువీధిలో నొక పెండ్లి ఊరేగింపు వెడలుచుండెను. నిజాంసాగరు కాలువ పాఱు ప్రాంతము మాది. వరిపంట ఇల్లు చేరి చేతిలో నాలుగు రూపాయలు నిలిచిన పిమ్మట పెండ్లిండ్లు మొదలగును. పెండ్లి యన్నచో బ్యాండు మేళము లేక జరుగదు. ఎఱ్ఱకోట్లు తొడిగిన పదునేనుగురు వాద్యగాండ్రు ముందు నడచుచుండిరి. వారిలో నొక నడివయస్కుడు పొడవైన ఇత్తడి గొట్టమును ముందునకు సాచుచు, వెనుకకు లాగుచు నూదుచుండెను. దానికి ట్రాంబోను అని పేరు. మా బడిలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె నా ప్రక్కన నిలిచి, రెప్పవాల్పక దానినే చూచుచు, "సార్, గిది ఆడోళ్లు ఊదరా?" అని యడిగినది. నేను ఆలోచింపకయే, "అంత ఊపిరి ఆడపిల్లల కెక్కడిదమ్మా?" అంటిని. బాలిక మఱి మాటాడలేదు.

ఇల్లు చేరిన తరువాత నా మాట నన్నే బాధింపసాగెను. కట్టెలపొయ్యి ముందు కూర్చుండి, పొగలో కన్నీరు కార్చుచు, ఊదుగొట్టముతో తరతరములుగా నిప్పు రగిల్చిన స్త్రీజాతికి ఊపిరి లేదని చెప్పుటకు నాకు నోరెట్లు వచ్చినదో! మా తల్లిగారు అరువదవ యేట వఱకు నట్లే ఊదిరి. ఉపాధ్యాయుడు తెలియక చెప్పిన తప్పుకంటె ఆలోచింపక చెప్పిన తప్పు పెద్దది. దానిని దిద్దుకొను తలంపుతో వెదకగా, మెల్బా లిస్టన్ అను అమెరికా నల్లజాతి వనిత చరిత్రమును, 1958లో ఆమె నాయికయై ముద్రింపించిన యొక సంగీతపు ఆల్బమును నాకు లభించినవి. ఆ చరిత్రమును మన యిండ్లలోని తల్లులకును తండ్రులకును తెలుపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మన పూర్వులు వాద్యములను తతము, అవనద్ధము, ఘనము, సుషిరము అని నాలుగు తెఱగులుగ విభజించిరి. తీగలు గలవి, తోలు మూసినవి, తాళములవంటి లోహపువి, గాలి యూదునవి యని వీని యర్థము. ఈ విభాగము భరతుని నాట్యశాస్త్రమున నున్నది. స్త్రీల కంఠము స్వభావముచేత మధురమగుటచే గానము ప్రాయికముగా వారిదనియు, పాఠ్యము పురుషులదనియు నా గ్రంథమే చెప్పుచున్నది. ప్రాయికము అను మాటను పాఠకులు గమనింపవలెను. అది లోకమున చూచినదానిని చెప్పుటయే గాని నిషేధము కాదు. అమరావతీ స్తూపపు ఫలకములలో స్త్రీలు వీణతోపాటు వేణువునుగూడ వాయించుచున్నారు. కోణార్క దేవాలయముపై నిలువెత్తు స్త్రీమూర్తులు మద్దెలలు తగిలించుకొని నిలిచియున్నవి.

అటుపిమ్మట ఆచారము శాస్త్రమును మించినది. వీణ యింటి ఆడపిల్లకు తగినదయ్యెను, నాగస్వరము తగనిదయ్యెను. కారణ మడిగినచో బుగ్గలుబ్బును, పెదవులు మోటుదేఱును, ముఖము వికారమగును అందురు. స్త్రీ ముఖము చూచువారి కొఱకే కలదను భావము ఈ మాటల యడుగున దాగియున్నది. పురుషుని బుగ్గలుబ్బినచో విద్వాంసుడందురు. ఇక గానము స్త్రీది యని యొప్పుకొన్నవారైనను దానికి పెట్టిన హద్దులు తక్కువవి కావు. 1920 దశకమున తిరువాయూరులో త్యాగరాజస్వామి సమాధికి తన సొమ్ముతో మందిరము కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకే ఆ ఆరాధనోత్సవమున పాడుటకు తావు లేక, స్త్రీలను కూర్చుకొని వేఱుగా నుత్సవము జరుపవలసివచ్చెను. ఇంటి యజమానురాలు వాకిటనే నిలువవలసివచ్చిన చందమిది.

ఇక ట్రాంబోను సంగతి. ఇది ఐరోపాలో 15వ శతాబ్దిన రూపొందిన వాద్యము. ఒక గొట్టముపై మఱియొక గొట్టము జాఱునట్లు అమర్చియుందురు. జాఱు గొట్టమునకు ఏడు స్థానములు కలవు. ఒక్కొక్క స్థానమునకు స్వరము అర్ధాంతరము దిగును. వంపులన్నియు విప్పి కొలిచినచో సామాన్యపు ట్రాంబోను గొట్టము సుమారు తొమ్మిది అడుగులుండును. దీనిపై మెట్లు లేవు, మీటలు లేవు. ఫలానిచోట ఆపుమని చెప్పు గుర్తేదియు నుండదు. చెవి యొక్కటే దారి చూపవలెను. ఫిడేలు నేర్చుకొన్నవారి కీ కష్టము తెలియును. ఆ కష్టములోనే దీని సొగసును కలదు. మన సంగీతమున "జారు" అను గమకమున్నది గదా. ఒక స్వరమునుండి వేఱొక స్వరమునకు నడుమనున్న చోటెల్ల తడవుచు పోవుట. ఇత్తడి వాద్యములలో జారు ఇంత సహజముగా పలుకునది ట్రాంబోను ఒక్కటే. మా వీథిలో ఎఱ్ఱకోటు వాద్యగాడు సినిమాపాట చరణము చివర గొట్టమును మెల్లగా లోనికి లాగి ప్రాణమును జల్లుమనిపించినది ఈ గుణముచేతనే.

ఇది పురుషుల వాద్యమేయని నేననుకొంటినిగదా. నాలుగువందల యేండ్ల క్రిందటనే ఇటలీలోని ఫెర్రారా నగరమున సాన్ వీటో అను మఠములోని క్రైస్తవ సన్యాసినులు ట్రాంబోనులను వాయించెడివారు. వారి వాద్యగోష్ఠి విని పెద్ద పెద్ద సంగీతజ్ఞులు విస్తుపోయి గ్రంథములలో వ్రాసిపెట్టిరి. మఠపు గోడలలోపల చూచువారు లేరు గనుక బుగ్గల విచారము వారికి లేకపోయెను గాబోలు! కాలక్రమమున ఈ వాద్యము దేవాలయములనుండి నాటకశాలలకు, అచటినుండి సభలకు వచ్చినది. 1808లో బేతోవెను తన ఐదవ సింఫనీ చివరి భాగమున దీనిని వాడెను. పిమ్మట సైన్యముల మేళములలో జేరి, సైన్యములతోడనే దేశదేశములు తిఱిగినది.

ఇచట రెండు దేశముల కథ యొకే తీరున నడచుట చూడదగును. మన ప్రాంతమున సికిందరాబాదు దండులోని తెల్లవారి పటాలములతో ఇత్తడి మేళములు వచ్చినవి. సంస్థానములు వానిని జూచి తామును పెట్టుకొన్నవి. పిమ్మట ఆ వాద్యములు పేదవారి చేతులలోబడి పెండ్లివీథికి దిగినవి. అమెరికాలో దక్షిణపు కొసనున్న న్యూ ఓర్లియన్సు నగరమునను ఇట్లే జరిగినది. బానిసత్వమునుండి విడువడిన జనుల సంతతివారు సైన్యపు మేళముల వాద్యములను చేపట్టి, ఊరేగింపులందును శవయాత్రలందును వాయించిరి. బండ్లపై మేళము కట్టి వీథులు తిరుగునపుడు ట్రాంబోను వానిని బండి వెనుక కొసన కూర్చుండబెట్టెడివారట. ముందు కూర్చున్నచో సాచిన గొట్టము తోడివారి వీపున పొడుచును గదా. ఆ మేళములలోనుండి జాజ్ అను సంగీతము పుట్టినది. వారి వాద్యగాండ్ర పేర్లు నేడు గ్రంథములకెక్కినవి. మన వాద్యగాని పేరు పెండ్లిపత్రికకుగూడ నెక్కదు. మేనమామలు మొదలు ముద్దుల మనుమల వఱకు నలువది పేర్లు అచ్చువేయుదురు. వీథి పొడవున ఊపిరి ధారవోయువాని పేరు మాత్ర మడుగువారు లేరు. ఇది వేఱొక వ్యాసమునకు తగిన విషయము, ఇచట విడిచెదను.

1930 దశకము నాటికి జాజ్ మేళములు పెద్దవైనవి. వీనినే బిగ్ బ్యాండు లందురు. ట్రంపెట్లు నాలుగు, ట్రాంబోనులు మూడు నాలుగు, సాక్సఫోనులు ఐదు, వీనికి తోడుగా పియానో, గిటారు, బాసు, డ్రమ్ములు. పదునాఱు పదునెనిమిది మంది యొక్క ఊపిరిగా వాయించుట దీని విశేషము. ఇంతమంది కలియుటకు ముందుగా ఎవరి పాలు వారికి వ్రాసియుండవలెను. ఆ వ్రాత పనిని వారు అరేంజుమెంటు అందురు. మన భాషలో కూర్పు అనవచ్చును. ట్రాంబోనులు సాధారణముగా సాక్సఫోనుల వెనుక వరుసన నుండి, మేళమునకు గోడవలె ఆనికనిచ్చును. ట్రాంబోను వాయించువారే నాయకులైన పెద్ద మేళములును కలవు. టామీ డార్సీ, గ్లెన్ మిల్లర్, జాక్ టీగార్డెన్ అనువారు అట్టివారు. వారందఱును పురుషులు, తెల్లవారు.

మెల్బా లిస్టన్ 1926వ సంవత్సరము జనవరి 13న మిస్సోరీ రాష్ట్రపు కాన్సాసు నగరమున జన్మించినది. ఏడేండ్ల పిల్లగా నున్నపుడు అంగడిలో ట్రాంబోనును జూచి, అది కావలెనని పట్టుబట్టినది. అది యెందుకు నచ్చినదో ఆమెకే తెలియదు. చూచుటకు అందముగా నున్నదని మాత్రము పిమ్మట చెప్పుకొన్నది. తల్లి కొనియిచ్చినది. ఈ తల్లికి నేను నమస్కరించుచున్నాను. ఆడపిల్ల యెందులకు ఊదవలెనని యామె యడిగియుండినచో ఈ చరిత్రము లేదు. పిల్లయేమో వయసుకు మించిన పొడగరి. అయినను చేయి చివరి స్థానములకు అందక, శరీరమంతయు ప్రక్కకు వంచి గొట్టమును సాచెడిదట. తాతగారు తోడుండి పాటలు పాడించి ఉత్సాహపఱచిరి. మొదట గురువు లేడు. చెవితో విని నేర్చుకొన్నది. ఎనిమిదేండ్లకే స్థానిక రేడియోలో నొంటిగా వాయించినది.

1937లో కుటుంబము లాస్ ఏంజిలిసు నగరమునకు మాఱినది. అచట ఆల్మా హైటవర్ అను ఉపాధ్యాయిని పేటలోని పిల్లలను కూర్చి మేళము నేర్పుచుండెను. మెల్బా ఆ మేళమున జేరినది. పదునాఱవ యేట, 1942లో, లింకన్ నాటకశాల వాద్యబృందమున ఉద్యోగము దొరకినది. పిమ్మట జెరాల్డ్ విల్సన్ పెద్ద మేళములోనికి పోయినది. వాయించుటతోపాటు కూర్పు వ్రాయుటను అచటనే అభ్యసించినది.

ఆ యుద్ధకాలమున పురుషులు సైన్యమునకు పోవుటచే స్త్రీల మేళములకు గిరాకి పుట్టినది. వానిలో మిసిసిపీ రాష్ట్రపు పైనీ వుడ్సు పాఠశాలలో పుట్టిన మేళమును గూర్చి ఒక మాట చెప్పక యుండలేను. అది పేద నల్లపిల్లల బడి. బడికి ధనము కూర్చుటకై 1937లో బాలికలచేత మేళము కట్టించి ఊరూర వాయింపించిరి. పిమ్మట అది బడినుండి విడివడి, ఇంటర్నేషనల్ స్వీట్ హార్ట్సు ఆఫ్ రిథమ్ అను పేర దేశమంతట ప్రసిద్ధికెక్కినది. నల్లవారికి హోటళ్లలో చోటియ్యని రోజులగుటచే ఆ బాలికలు బస్సులోనే వండుకొని బస్సులోనే నిదురించిరి. 1945లో సైనికుల కొఱకు జర్మనీ దేశమునకుగూడ పోయి వాయించిరి. యుద్ధము ముగిసి పురుషులు తిరిగివచ్చుటతో స్త్రీల మేళములు ఒక్కొక్కటిగా మూతపడినవి. ఇదియు 1949లో ముగిసినది. అవసరము గలిగినపుడు శక్తి కలదనుట, అవసరము తీఱినపుడు శక్తి లేదనుట! మెల్బా ఇట్టి స్త్రీల మేళములలో జేరక పురుషుల మేళములోనే నిలిచినది. ఆమె కష్టములును అందువలననే వేఱు విధమైనవి.

1949 ప్రాంతమున డిజ్జీ గిలెస్పీ పెద్ద మేళమున కొంతకాలము వాయించిన మీదట, గాయని బిల్లీ హాలిడే వెంట విల్సన్ మేళముతో దక్షిణ రాష్ట్రములకు పోయినది. ఆ యాత్ర పూర్తిగా చెడినది. వినువారు రాలేదు, ధనము చిక్కలేదు, మేళము నడుదారిలో చిక్కుకొన్నది. దీనికి తోడు మేళములో నొంటరి స్త్రీగా తిరుగుటలో తాను పడిన అత్యాచారములను మెల్బాయే పిమ్మటి కాలమున దాపరికము లేక చెప్పినది. వానిని వివరింపను, దాచుటయు తగదని మాత్రము చెప్పెదను. సంగీతము వలదని, లాస్ ఏంజిలిసు విద్యాశాఖలో గుమాస్తాగా కొన్ని సంవత్సరములు పనిచేసినది. సినిమాలలో చిన్న చిన్న వేషములు వేసినది. 1956లో వెలువడిన టెన్ కమాండ్‌మెంట్సు చిత్రమున కనబడు వీణాధారిణులలో నామెయు నొకతె. ట్రాంబోను గలిగిన స్త్రీకి తెరపై వీణ నిచ్చిరి!

1956లో అమెరికా ప్రభుత్వము తమ దేశపు కీర్తికై జాజ్ మేళములను విదేశములకు పంప నిశ్చయించి, మొదట గిలెస్పీ మేళమునకు ఖర్చులిచ్చెను. స్వదేశమున హోటలు గదికి నోచుకొననివారిని పరదేశమున రాయబారులుగ నిలుపుటలోని వింతను ఆ వాద్యగాండ్రే నవ్వుచు చెప్పుకొనెడివారు. గిలెస్పీ మెల్బాను పిలిపించి, కూర్పులు వ్రాసి తెమ్మనెను. అంతదూరమునుండి ఒక ఆడదానిని రప్పింపనేల యని మేళములోనివారు గొణిగిరి. మొదటి సాధననాడు ఆమె వ్రాసి తెచ్చిన కాగితములను పంచిరి. గొణిగినవారు వానిని వాయింపజాలక తడబడి, ఆగి, మరల మొదలుపెట్టిరి. ఆమె మాటాడలేదు, కాగితమే మాటాడెను. ఆనాటినుండి గొణుగుడు నిలిచినది. ఫ్రాన్సు దేశపు దెబుస్సీ చేసిన పియానో కృతినుండి పుట్టిన "మై రెవరీ" యను పాటకు ఆమె చేసిన కూర్పు ఆ మేళపు ధ్వనిముద్రణలలో నేటికిని వినవచ్చును. ఇన్ని ఇత్తడి గొంతుకలు గుసగుసలాడగలవని నేనా పాట వినువఱకు ఎఱుగను.

ఆ మేళము ఇరానులోని ఆబాదాను నగరమున మొదలుపెట్టి, ఢాకా, కరాచీ, బేరూటు, డమాస్కసు మొదలగు నగరములలో వాయించినది. మన దేశమునకు మాత్రము రాలేదు. ఢాకా వఱకు వచ్చి మనలను దాటిపోయినది! ఆ యాత్ర జ్ఞాపకములు సిరియా, ఆబాదాను పేర్లు గల చిన్న కృతులుగా ఆమె పాల్గొన్న ధ్వనిముద్రణలలో నిలిచినవి.

ఇక ఆల్బము. 1958 డిసెంబరున న్యూయార్కు నగరమున మెట్రోజాజ్ అను కంపెనీ దీనిని ముద్రించినది. మఱుసటి సంవత్సరము వెలువడినది. పేరు "మెల్బా లిస్టన్ అండ్ హర్ బోన్సు". ట్రాంబోనును వాద్యగాండ్రు ముద్దుగా బోను అందురు. ఎముక యనియు దాని కర్థము గనుక పేరులో చమత్కారమున్నది. ఈ ఆల్బములో ఆమె చేసిన సాహసము వినుడు. పెద్ద మేళములో ముందు నిలిచి మెఱయు ట్రంపెట్లను దీసివేసినది. సాక్సఫోనులను దీసివేసినది. వెనుక వరుసన గోడవలె నిలుచు ట్రాంబోనులను మాత్రము ముందునకు తెచ్చి, వానికి లయవాద్యములను తోడిచ్చినది. జిమ్మీ క్లీవ్‌లాండ్, ఆల్ గ్రే, బెన్నీ పావెల్, ఫ్రాంక్ రెహాక్ వంటివారు ఆమె నాయకత్వమున వాయించిరి. గిటారు కెన్నీ బరెల్. ఆనాడు ఆ వాద్యమున పేరుమోసిన పురుషులు వీరందఱు. వ్రాసిన కాగితమును ముందుబెట్టి నడపినది స్త్రీ.

ఒకే జాతి వాద్యములు నాలుగు కూడినచో విసుగు పుట్టునని వినకమునుపు నేనును శంకించితిని. కాని విన్న కొలది తెలిసినదేమనగా, ట్రాంబోను స్వరము మనుష్యుని కంఠమునకు మిక్కిలి చేరువ. ఒకే ఇంటివారి గొంతుకలు ఒకదానినొకటి పోలియుండియు వేఱువేఱుగా గుర్తింపబడునట్లు, ఇందు నొక్కొక్కరి ఊపిరి తెలిసిపోవును. ఆల్ గ్రే గిన్నె వంటి మూతను గొట్టము నోట ఆడించి పలికించునపుడు ముసలివాడు సణిగినట్లుండును. ఇతడా విద్యలో ప్రవీణుడు. క్లీవ్‌లాండు వేగము చూచినచో గొట్టమింత త్వరగా జాఱునా యని యాశ్చర్యము కలుగును. వీరి నడుమ మెల్బా వాయించునపుడు తొందర యుండదు. తక్కువ స్వరములు, నిండైన నాదము, స్వరమునుండి స్వరమునకు వెన్న జాఱినట్టి జారు. తన పేరనే "బ్లూస్ మెల్బా" యని చేసికొన్న కృతిలోగూడ తానే ముందుండవలెనను ఆత్రము లేదు. తోడివారికి చోటిచ్చి తాను ప్రక్కకు తొలగుచున్నది.

జూడీ గార్లాండు 1944లో సినిమాలో పాడిన "ట్రాలీ సాంగ్" అను హుషారైన పాట యీ ఆల్బములో నున్నది. ట్రాంబోనుల బరువుతో అది కుంటువడునేమోయని నేను భయపడితిని. కుంటువడలేదు, బరువైన గూడ్సుబండి పరుగెత్తినట్లు పరుగెత్తినది. "వండర్ వై" యను విలంబగీతము నాకు మిక్కిలి ప్రియమైనది. రాత్రివేళ దీపమార్పి వినదగినది. నేను దీనిని చేతిఫోనులో విన్నాను. మంచి పెట్టెలో వినువారి భాగ్యము వేఱు. ఆల్బము అంతయు లోపరహితమని చెప్పను. టెలివిజను కార్యక్రమపు పాట యొకటి ఇందు చేరినది. ఏల చేర్చిరో తెలియదు. అమ్మకము కొఱకై యుండవచ్చును. అది లేకున్నను లోటుండెడిది కాదు.

మెల్బా లిస్టన్ నాయికగా తన పేరన వెలువరించిన ఆల్బము ఇది యొక్కటే. ఇది నా మనస్సును కలచినది. ఆమె పని ఇంతటితో ఆగలేదు. నలువది యేండ్లు జరిగినది. కాని ఆ పని యంతయు నితరుల పేర్ల క్రింద. ముఖ్యముగా పియానో విద్వాంసుడు రాండీ వెస్టన్ ఆల్బములకు ఆమె కూర్పులు వ్రాసినది. 1960లో అతని "ఉహురు ఆఫ్రికా", అనగా స్వాతంత్ర్య ఆఫ్రికా, యను మహాకృతికి ఇరువదిమందికి మించిన మేళమును కూర్చినది ఆమెయే. దక్షిణాఫ్రికా ప్రభుత్వము ఆ ఆల్బమును నిషేధించినంత పదును దానికుండినది. అట్టపై పెద్దయక్షరములలో పేరు వెస్టనుది. అతడు ఉదారుడు గావున జీవితాంతము ఆమె ఋణమును చెప్పుకొనెను. అందఱును అట్లు చెప్పుకొనలేదు.

కూర్పు అను పని ఎట్టిదో మన యిండ్లలోని స్త్రీలకు వేఱుగా చెప్పనక్కఱలేదు. విస్తళ్లముందు కూర్చుండినవారికి వంట తెలియును గాని, ఏ పదార్థమునకు ఏది జతయో, ఏది ముందు ఏది వెనుకయో, ఎవరికి కారము పడదో తలంచినవారు తెరవెనుకనే యుందురు. మెల్బాకు వాయించుటకంటె వ్రాయుటయే ఇష్టమని కొందఱు చరిత్రకారులు వ్రాసిరి. ఆమెయు సిగ్గరియే. కాని ఇష్టమను మాటను నేను పూర్తిగా నమ్మజాలను. ముందుకు వచ్చినప్పుడెల్ల గాయపడినవారికి వెనుక వరుస ఇష్టమగుటలో వింత లేదు. దానిని స్వభావమని కొట్టివేయుట మనకు సుఖముగా నుండును.

1973లో ఆమె జమైకా ద్వీపమునకు పోయి, అచటి సంగీత పాఠశాలలో ఆఱేండ్లు పాఠములు చెప్పినది. 1979లో స్వదేశమునకు వచ్చి మరల మేళము కట్టినది. 1985లో పక్షవాతము సోకి శరీరమున నొక ప్రక్క పడిపోయినది. గొట్టమును సాచుటకు చేయి లేకపోయెను. ఏడేండ్ల వయసున అందని చేతిని సాచి సాచి అందించుకొన్న మనుష్యునకు ఇట్టి గతి! అయినను కంప్యూటరు సాయమున స్వరములు వ్రాయుట నేర్చుకొని, చక్రముల కుర్చీలో కూర్చుండియే వెస్టను కొఱకు "స్పిరిట్స్ ఆఫ్ అవర్ ఆన్‌సెస్టర్స్" ఆల్బమునకు కూర్పులు సమకూర్చినది. 1987లో ప్రభుత్వ కళాసంస్థ జాజ్ మాస్టర్ బిరుదమునిచ్చినది. 1999 ఏప్రిల్ 23న లాస్ ఏంజిలిసులో మరణించినది.

దూరదేశపు మాట యెందులకు, మన తెలుగునాట ఇట్టివారు లేరా యని పాఠకులడుగవచ్చును. కలరు. ప్రకాశము జిల్లా కరవదికి చెందిన షేక్ చినమౌలానా నాగస్వర విద్వాంసులలో అగ్రగణ్యుడు, శ్రీరంగమున స్థిరపడెను. ఆయన శిష్యురాలు కాలీషాబీ మహబూబ్ నాగస్వరము నూదుచు, భర్త షేక్ మహబూబ్ సుభానీతో జంటగా దేశవిదేశములలో కచేరీలు చేసినది. 2020లో ఆ దంపతులకు పద్మశ్రీ బిరుదము లభించినది. ముస్లిము కుటుంబపు తెలుగు స్త్రీ, దేవాలయ వాద్యము, త్యాగరాజ కీర్తన: వీనిలో నేది దేనికి తగదని నిర్ణయింపజూచువారు ఆమె కచేరీని ఒకమాఱు వినినచో చాలును. ట్రాంబోను బరువు గలదియే గాని, నాగస్వరమున కావలసిన ఊపిరి దానికంటె తక్కువది కాదు.

వారము దినములు గడచిన తరువాత ఆ బాలికను పిలిచి, నేను చెప్పినది తప్పని చెప్పితిని. తరగతిలో నలుగురియెదుట చెప్పితిని, ఏలయన తప్పును నలుగురు వినగానే చేసియుంటిని. "బ్లూస్ మెల్బా" వినిపించితిని. మగపిల్లలు ఇద్దఱు ముగ్గురు నవ్విరి. బాలిక మాత్రము, "గిండ్ల ఆమె ఏది ఊదుతున్నది సార్?" అని యడిగినది. చూపించుటకు నాకు చేతకాలేదు. నాలుగింటిలో ఆమెది యేదో మొదటివినికిడిలో నాకును తెలియలేదు. మరల మరల వినిపించితిని. నాలుగవమాఱు, "గిదే, తొందర లేనిది" అని బాలికయే పట్టినది.

మొన్న ఆదివారము బ్యాండు మేళమువారి యింటికి దానిని తీసికొనిపోతిని. తల్లియు వెంట వచ్చినది. ఎఱ్ఱకోటు లేక లుంగీతో నున్న ఆ వాద్యగాడు మొదట సందేహించి, పిమ్మట గుడ్డతో మూతి తుడిచి ట్రాంబోనును దాని చేతికిచ్చెను. మొదట గాలియే వచ్చినది, పిమ్మట దున్నపోతు అఱచినట్లొక ధ్వని. తల్లి కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వినది. చేయి ఐదవ స్థానము వఱకు అందుచున్నది. ఆదివారము ఆదివారము రమ్మని వాద్యగాడు చెప్పెను.